ఏడాదికి ఒకే బొమ్మ

నిన్న సాయంత్రం హౌరాలో టికియాపారా స్టేషను బయట పాత కాగితాలు కొనే ఒక బిక్రీవాలా తన రిక్షా బండిని వాన నుంచి పక్కకు లాగుతూ నా ముందు నుంచి వెళ్ళాడు. బండి నిండా పాత కాగితాలు. తడిసిన కాగితానికి ఒక వాసన ఉంటుంది, కొంచెం పులిసినట్టు, కొంచెం గంజి పెట్టిన బట్టలాగా. ఆ వాసన తగిలితే ఇప్పటికీ నేను రోడ్డు దాటి అవతలికి వెళ్ళిపోతాను. ఎందుకో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను. ఒక ఉదయం నేను మా స్కూలు బీరువాలోంచి ముప్పై నలుగురు పిల్లల ఏడాది శ్రమను తీసి, ఇలాంటి బండి మీదే నా చేతులతో పెట్టాను. పొరపాటున ఇచ్చేశానని చాలామందితో చెప్పాను. అది అబద్ధం. అవేమిటో తెలిసే ఇచ్చాను. ఆ బొమ్మలను గీయించినవారు నాకు చదువు చెప్పిన సింహాచలం మాస్టారు.

మాస్టారిది శ్రీకాకుళం వైపు. రైల్వేలో పెయింటరుగా చేరి, రైలు పెట్టెలు బాగుచేసే కార్‌షెడ్డులో ముప్పై ఏళ్ళపాటు వాటి మీద నంబర్లు రాశారు. స్కేలు లేకుండా ఆయన రాసిన ఎనిమిది అంకె కిందా పైనా ఒక్కలా ఉండేదని మా నాన్న చెప్పేవాడు. మా నాన్న కూడా ఆ కార్‌షెడ్డులోనే పనిచేసేవాడు. రిటైరయ్యాక మాస్టారు మా చర్చి వాళ్ళు నడిపే స్కూల్లో డ్రాయింగు చెప్పడానికి వచ్చారు. స్కూల్లో అందరం రైల్వే కార్మికుల పిల్లలమే. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బజార్లో బెంగాలీ. డ్రాయింగు పుస్తకాలు కొనగలిగినవాళ్ళు తక్కువ. అందుకని మాస్టారు హౌరా స్టేషను నుంచి వాడేసిన రిజర్వేషను చార్టులు తెచ్చేవారు. ఒక పక్క ప్రయాణికుల పేర్లు, బెర్తు నంబర్లు. రెండో పక్క ఖాళీ. ఆ ఖాళీ పక్కే మా బడి.

ఆయన పద్ధతి ఒకటే. స్కూలు తెరిచినప్పుడు ఒక్కొక్కరికీ ఒక్క కాగితం ఇచ్చేవారు. దాని మీద ఇంట్లో మనిషిని ఒకరిని వెయ్యాలి. ఏడాదంతా అదే కాగితం, అదే మనిషి. వారానికోసారి చెరిపి దిద్దాలి, మళ్ళీ ఇంటికెళ్ళి ఆ మనిషిని చూడాలి, మళ్ళీ దిద్దాలి. నెలాఖరున కాగితం అంచున ఒక వాక్యం రాయాలి, వచ్చే నెల ఏం చూడటం నేర్చుకోవాలో. ఆ వాక్యం ఆయన చెప్పేవారు కాదు, మేమే వెతుక్కోవాలి. నేను ఆరో తరగతిలో మా నాన్న బొమ్మ వేశాను. రెండో వారానికే తీసుకెళ్ళి గొప్పగా బల్ల మీద పెట్టాను.

"అయిపోయింది మాస్టారూ."

ఆయన కాగితం వైపు చూడలేదు. నా వైపు చూశారు. "అయిపోయిందేటి? మీ నాయిన అయిపోయినాడేట్రా జైపాలూ? పొద్దున్న డూటీకి ఎల్తంటే నానే సూసినాను. బాగానే ఉన్నాడు."

క్లాసంతా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. ఆ నెలాఖరున అంచున రాశాను: 'నాన్న కూర్చున్నప్పుడు ఏ భుజం కిందికి ఉంటుందో చూడాలి.' కుడి భుజం. స్పానరు తిప్పే చెయ్యి. అంతవరకు మా నాన్నను రోజూ చూస్తూ కూడా నేను ఆ సంగతి చూడలేదు. ఏడాది చివరికి ఆ కాగితం చెరిపి చెరిపి బూడిద రంగుకు వచ్చింది, రెండు చోట్ల చిరిగింది. ఎవరైనా కొత్తవాళ్ళు చూస్తే పొయ్యి తుడిచిన కాగితం అనుకుంటారు. మా అమ్మ మాత్రం దాన్ని బైబిలులో మడిచి పెట్టుకుంది.

చాలా ఏళ్ళకు నేను అదే స్కూల్లో డ్రాయింగు టీచరునయ్యాను. మాస్టారు పై తరగతులకు, నేను కింది తరగతులకు. అప్పటికి వీధి గోడల మీద పార్టీ వాళ్ళు రాసిన ఎర్ర అక్షరాలు వెలిసిపోతున్నాయి, మళ్ళీ రాసేవాళ్ళలో కూడా మునుపటి హుషారు లేదు. స్కూళ్ళలో మాత్రం కొత్త మాటలు వస్తున్నాయి. చిత్రకళకు కూడా ప్రమాణాలు ఉండాలని, ఏ తరగతి పిల్లలు ఏం నేర్చుకోవాలో ముందే లక్ష్యాలు రాసుకోవాలని మా స్కూలు నిర్ణయించింది. దానికి కలకత్తాలోని సాల్ట్ లేక్‌లో పదిహేను రోజుల శిక్షణ ఇచ్చారు. స్కూలు తరఫున నేను వెళ్ళాను. ఏసీ గదిలో కూర్చుని, గాజు కిటికీలోంచి ఆఫీసు బస్సులను చూస్తూ, నేనొక పెద్దవాణ్ణయ్యాననుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు నా చేతిలో నీలం రంగు ఫైలు ఉంది, బాధ్యుడు అన్న చోట నా పేరు ఉంది.

ఆ ఫైలును మాస్టారికి తెలుగులో చదివి వినిపించాను. ఆయన కళ్ళకు అప్పటికే శుక్లాలు పట్టాయి. గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని విన్నారు.

"ఐదో కలాసుకి గుండ్రాలు, ఆరో కలాసుకి నీడలు," అన్నారు చివరికి. "మరి ఐదో కలాసు పిల్లకి నీడ పడదేట్రా?"

"అలా కాదు మాస్టారూ. మెట్టు మెట్టుగా ఎక్కాలని."

"మంచిదే. ఎక్కించు. మెట్టు కాడ పిల్ల ఉందో నేదో సూసుకో మరి."

నేను నవ్వేశాను. లోపల మాత్రం చిరాకు పడ్డాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఫైలులో తప్పేమీ లేదు. రాసినవాళ్ళు పిల్లల మేలు కోరే రాశారు. తప్పు నాలో ఉంది. మాస్టారి మురికి కాగితాలను చూస్తే నాకు సిగ్గుగా ఉండేది. పెన్సిలు మసి అంటిన ఆ రైల్వే చార్టులు మా పేదరికాన్ని వేరేవాళ్ళకు చదివి వినిపిస్తున్నట్టు ఉండేవి. నేనూ అలాంటి కాగితం మీదే నేర్చుకున్నానని సాల్ట్ లేక్‌లో ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడాది ఏడో తరగతిలో దీవెన అనే పిల్ల ఉండేది. వాళ్ళ నాన్న దానయ్య కార్‌షెడ్డులో ఫిట్టరు. ఆ పిల్ల ఆయన బొమ్మే వేస్తోంది. దసరా పూజల సెలవుల తరువాత దానయ్య ఊపిరితిత్తుల జబ్బుతో రైల్వే ఆసుపత్రిలో పోయాడు. వాళ్ళింట్లో ఆయన ఫొటో అంటే రైల్వే పాసు మీద ఉన్న చిన్నదొక్కటే, అందులో చెమ్మకు ముఖం చెదిరిపోయింది. దీవెన స్కూలుకు తిరిగొచ్చిన రోజున మాస్టారు ఆ కాగితాన్ని ఆ పిల్ల చేతిలోంచి మెల్లగా తీసుకున్నారు. "ఇంక దిద్దొద్దమ్మా. ఉంచీ. పరీచ్చలయ్యాక అమ్మకి ఇద్దువుగాని," అని బీరువాలో అన్నిటికన్నా పైన పెట్టారు. అప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను.

కొత్త ప్రమాణాలు ఎలా అమలవుతున్నాయో చూడటానికి తనిఖీ వాళ్ళు వస్తున్నారని ఫిబ్రవరిలో కబురు వచ్చింది. అదే వారం మాస్టారు కంటి ఆపరేషనుకు వెళ్ళారు. నేను ఏడో తరగతి వాళ్ళందరికీ కొత్త డ్రాయింగు పుస్తకాలు ఇప్పించి, తలా పది బొమ్మలు గబగబా వేయించాను. హౌరా వంతెన, మామిడిపండు, పూలకుండీ. ముప్పై నాలుగు పుస్తకాల్లో ముప్పై నాలుగు మామిడిపండ్లు ఒక్కలాగే ఉన్నాయి. వాటిని పెట్టడానికి బీరువాలో చోటు కావాల్సి వచ్చింది. తలుపు తీశాను. పైనే దానయ్య ఉన్నాడు. ఒక్క నిమిషం చూశాను. ఆ నిమిషంలో నేను ఆలోచించింది ఆ పిల్ల గురించి కాదు, తనిఖీకి వచ్చేవాళ్ళు ఈ చెత్త చూస్తే ఏమనుకుంటారోనని. బయట బిక్రీవాలా కేక వినిపించింది. పిలిచాను.

తనిఖీకి ఒక బెంగాలీ ఆవిడ వచ్చారు. మృదువుగా మాట్లాడే మనిషి. మామిడిపండ్ల పుస్తకాలు రెండు మూడు తిరగేసి పక్కన పెట్టారు. తరువాత నన్ను అడిగారు: "పిల్లలు ఏం నేర్చుకోవాలో వాళ్ళంతట వాళ్ళు ఎక్కడైనా రాసుకుంటారా? పాత పని మీదే మళ్ళీ పనిచేస్తారా? ఫారంలో ఇదే ముఖ్యమైన గడి."

ఆవిడ పక్కన పెట్టిన పుస్తకాలను మళ్ళీ సర్దాను. ఫైలు నేనే చదివాను, నేనే తెలుగులో చెప్పాను. ఆ గడిలో అడిగింది ముప్పై నాలుగు కాగితాల అంచుల మీద నెల నెలా రాసి ఉంది. అది అప్పటికి ఏ గిడ్డంగిలో ఉందో నాకు తెలియదు.

"ఇంకా మొదలుపెట్టలేదు, దిదీ," అన్నాను. "పై తరగతుల మాస్టారు పాతకాలం మనిషి."

ఆవిడ తల ఊపి రాసుకున్నారు. నేను అన్న ఆ ఒక్క మాటే మాస్టారి ఉద్యోగం తీసింది.

కాగితాలు ఇచ్చేసిన మూడో రోజున మాస్టారు కంటికి ఆకుపచ్చ గుడ్డతో వచ్చి బీరువా తెరిచారు. చేత్తో అరలన్నీ తడిమారు. దీవెన ఆయన వెనకే నిలబడి ఉంది. వాళ్ళమ్మ ఊరికి వెళ్తోందట, బొమ్మ తీసుకెళ్ళాలని అడగడానికి వచ్చింది.

"కాయితాలేవి జైపాలూ?"

చెప్పాను. కాగితాలు పాతవి, చోటు లేదు, చూసుకోలేదు అని ఏవో చెప్పాను.

"సార్," అంది దీవెన. "మా నాన్నది కూడానా?"

నేను బీరువా తలుపు దగ్గరికి వేశాను. ఆ పిల్ల ఏడవలేదు. గోడను పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది, కడుపునొప్పి వచ్చినవాళ్ళు కూర్చున్నట్టు.

నేను అక్కడి నుంచి పరుగెత్తాను. బిక్రీవాలాలు సరుకు దింపే గిడ్డంగికి వెళ్ళాను. "దాదా, మొన్నటి కాగితం పొద్దున్నే మిల్లుకి పోయింది," అన్నాడు అక్కడి మనిషి హిందీలో. నమ్మకుండా సాయంత్రం దాకా కట్టలు విప్పి చూశాను. తిరిగొచ్చేసరికి మాస్టారు స్కూలు గేటు దగ్గర రాతి మీద కూర్చుని ఉన్నారు. తిడతారని అనుకున్నాను. తిడితే బాగుండును.

"నీకు నాను ఒక్కటే నేర్పినాను రా," అన్నారు. "మనిసిని సూడమని. అదీ సరిగ్గా నేర్పనేదు. తప్పు నాదే." లేచి, గోడ పట్టుకుంటూ వెళ్ళిపోయారు.

ఆ వారమే హెడ్మిస్ట్రెస్‌కు, తనిఖీ ఆవిడకు ఉత్తరాలు రాశాను. పిల్లలు రాసుకున్న లక్ష్యాలు ఉన్నాయని, వాటిని పారేసింది నేనని, మాస్టారి గురించి నేను చెప్పింది అబద్ధమని రాశాను. నీలం ఫైలు వేరే టీచరు చేతికి వెళ్ళింది, అది న్యాయమే. మాస్టారిని మళ్ళీ రమ్మన్నారు. కబురు తీసుకుని నేనే వెళ్ళాను. మంచం మీద పడుకుని ఉన్నారు.

"రాను. కళ్ళు ఆనవు," అన్నారు. గోడ వైపుకు తిరిగి, "నా కాడికొచ్చి ఏటి సేస్తావు? నాకేటి పోయింది? దానయ్య ఇంటికెల్లు," అన్నారు. ఆయన నాతో అన్న ఆఖరి మాట అదే. వానలు వెలిసేలోగా పోయారు.

ఆయన ఆ మాట అన్నాక వచ్చిన మొదటి ఆదివారం, చర్చి అయ్యాక దానయ్య ఇంటికి వెళ్ళాను. గుమ్మం దగ్గరే ఆయన భార్య మార్తమ్మ అంది, "మళ్ళా ఏటి తీసుకెల్దామని వచ్చినావు బాబూ?" చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను. చాప మీద కూర్చుని ఒక తెల్ల కాగితం, పెన్సిలు దీవెన ముందు పెట్టాను. ఆ పిల్ల వెనక్కి తోసేసింది. "నేను వెయ్యను. మీరే వెయ్యండి. మీకు వచ్చు కదా."

వేశాను. కొలతలు, నీడలు అన్నీ తెలిసినవాణ్ణి. "ఇది మా నాన్న కాదు," అంది. చెరిపాను. వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్ళాను. అలా ఎన్ని వారాలో. కార్‌షెడ్డు వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కూర్చునేవారు. ముక్కు అంత సన్నం కాదని ఒకరు, నవ్వితే ఎడమ పక్కకు పోయేదని ఇంకొకరు. దానయ్యతో పాతికేళ్ళు పనిచేసిన ఎర్రన్న ఒక రోజు కాగితం వైపు చాలాసేపు చూసి, "సెవేటి ఇలగ నిలబెట్టీసినారు? ఆడు పెట్టెల మీద గుర్తులెట్టే సుద్దముక్క ఎప్పుడూ సెవి ఎనకే కదా దోపేవోడు. ఒంగిపోయి ఉండేది," అన్నాడు.

దీవెన చప్పున తలెత్తింది. నా చేతిలోంచి పెన్సిలు లాక్కుంది. చెవిని చెరిపింది, గీసింది, మళ్ళీ చెరిపింది. మార్తమ్మ బియ్యం కడుగుతున్న చేతులతోనే వచ్చి కూతురి భుజం మీదుగా వంగి చూసింది.

"ఆ సెవి మట్టుకు ఆయందే," అంది.

మిగిలిన ముఖం ఆయనది కాదు. అది మా అందరికీ తెలుస్తూనే ఉంది. దీవెన పెన్సిలు కింద పెట్టి, కాగితం అంచున ఏదో రాసి, అరచేత్తో కప్పేసుకుంది. నేను చూడటానికి ప్రయత్నించలేదు. "వచ్చే ఆదివారం రానా?" అని అడిగాను. ఆ పిల్ల తల ఊపింది. వెళ్ళాను.