నీలం గదికి కిటికీ లేదు

ఇరవై ఆరేళ్లపాటు పెద్దక్కకు కూలి పేగుల్లో ఇచ్చారు.

వెటకారం కాదు, ఉన్నమాటే. ఆ కబేళాలో మేకల్నీ గొర్రెల్నీ కోసేవాళ్లకు జీతం ఉంది. తోలు తీసేవాళ్లకు ఉంది. గేటు దగ్గర కుర్చీలో కునుకు తీసేవాడికీ ఉంది. లోపలి గదిలో పేగులూ పొట్టలూ కడిగే ఎనిమిదిమంది ఆడవాళ్లకు మాత్రం, పని అయ్యాక మిగిలిన బోటీయే కూలి. "పట్టుకుపోండి, మీ అదృష్టం" అనేవాళ్లు. కూలిని అదృష్టం అని చెప్తే తల ఊపి గంప ఎత్తుకున్నవాళ్లలో పెద్దక్కే ముందు. ఏనాడూ నోరెత్తలేదు. "నోరెత్తితే ఆ నోట్లోకి పోయేది కూడా పోతుంది" అనేది.

ఆ గదిలో అందరికంటే ముందు చేరింది కాబట్టి ఆమె పెద్దక్క. ఆమె తర్వాత చేరినావిడ పేరు మరిచిపోయి అందరూ గంటమ్మ అంటారు. నోరు తెరిస్తే మోగుతూనే ఉంటుంది. ఒకావిడ మానేసిన చోట్లో ఆఖర్న చేరిన గంటమ్మ కోడలు ఆ గదిలో అందరికంటే చిన్నది. అందుకని ఆ పిల్ల తన అత్తకే కాదు, మిగతా ఏడుగురికీ చిన్నకోడలే.

పెద్దక్క పని చూసినవాళ్లు పక్కకు కదిలేవాళ్లు కాదు. పేగును నున్నటి పుల్లకు తొడిగి, మేజోడు తిరగేసినట్టు లోపలిది బయటికి లాగేది. ఉప్పుతో రుద్ది మూడు నీళ్లు మార్చేది. తర్వాత ఒక కొన వేళ్లతో నొక్కి, రెండో కొనలో నోటితో ఊది నీళ్లలో ముంచేది. చిల్లు ఉంటే బుడగ వస్తుంది. చివరికి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేది. ఆమె "బాగుంది" అంటే బాగున్నట్టే. "ఊహూ" అంటే కుక్కకు కూడా వేసేవాళ్లు కాదు.

"నీ ముక్కు ఉండగా ఇన్‌స్పెక్టరెందుకక్కా దండగ!" అనేది గంటమ్మ.

"ఆయన ముక్కు ఫైలు మీదే ఉంటుందిలే. అదీ కావాలిగా."

సాయంత్రం నాలుగింటికి గేటు బయట గిన్నెలతో జనం. రిక్షావాళ్లు, ఇటుకలు మోసేవాళ్లు, బడి పంతులు ఒకాయన, ఆసుపత్రి ఆయా. మంచి మాంసం కొనలేనివాళ్లూ, కొనగలిగి కూడా దీని రుచి మరిగినవాళ్లూ. కూలిగా వచ్చిన బోటీని ఆడవాళ్లే వండి వాళ్లకు అమ్మేవాళ్లు. గది వెనక రేకుల పాకలో పెద్ద గుండిగ పొయ్యి మీద ఉండేది. ఊపిరితిత్తుల ముక్కలు వేడి బాణలిలో పడగానే కుయ్‌మని ఈల వేసేవి. ఆ ఈల వినడానికే పిల్లలు చేరేవాళ్లు. గడ్డకట్టిన నెత్తురును చదరంగా కోసి ఉల్లిపాయలతో వేయిస్తే అంచులు కరకరలాడేవి, లోపల మాత్రం మెత్తగా ఉండేది. పొట్ట ముక్క పంటికింద తువాలు గుడ్డలా ఉండి, నమిలేకొద్దీ పులుసును వదిలేది. అది తిన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. తిననివాళ్లకు చెప్పి లాభం లేదు.

తర్వాత నియమం వచ్చింది.

ఎక్కడో ఎవరో సరిగా కడగని పేగులు అమ్మారట, జనం జబ్బుపడ్డారట. నిజమే అయి ఉంటుంది. జబ్బుపడినవాళ్ల ఉసురు తేలికది కాదు, నియమం పెట్టడం తప్పని నేననను. కానీ ఆ కాగితం రాసినవాళ్లు కడగడం వచ్చినవాళ్లను ఒక్కమాట అడగలేదు. లోపలి భాగాలన్నీ ఇకనుంచి చెత్త. ఎవరూ తినకుండా వాటిమీద నీలం మందు పోసి డ్రమ్ముల్లో పారేయాలి. మందు పడని ముక్క ఎవరి నోట్లోకి పోయినా ఆ గదిలో అందరి గేటు పాసులూ రద్దు. ఈగలు రాకుండా గదికి ఉన్న ఒక్క కిటికీకీ రేకు కొట్టారు. చేతి తొడుగులు మొదటి నెలలో ఒక్కసారి ఇచ్చారు. చిరిగాక మళ్లీ ఇవ్వలేదు.

విచిత్రం చూడండి. తిండిని కడిగిన ఇరవై ఆరేళ్లూ లేని జీతం, అదే తిండికి రంగు పోయడం మొదలుపెట్టగానే వచ్చింది. జీవితంలో మొదటిసారి చేతికి రోజుకూలి. అది వచ్చాకే ఆ ఎనిమిదిమందికీ భయం పట్టుకుంది. పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంటేనేగా భయం! బూట్ల చప్పుడు వినబడితే మాట ఆగిపోయేది. సూపర్‌వైజర్ దగ్గితే ఉలిక్కిపడేవాళ్లు. వంతులవారీగా వారానికి ఒకరు డ్రమ్ము దగ్గర నిలబడి మందు పోయాలి. కళ్లు మండినా, గొంతు గీరుకుపోయినా ఎవరూ పైకి అనలేదు.

పెద్దక్క ఇంకో సంగతి కూడా దాచింది. నాలుగు నెలలుగా ఆమెకు వాసన తెలియడం లేదు.

మొదట ఇంట్లో పాలు మాడినా తెలియలేదు. తర్వాత కిరసనాయిలు, సబ్బు, వాన పడ్డ మట్టి, ఏదీ లేదు. మొగుడికి కూడా చెప్పలేదు. ముక్కు పోయిన పెద్దక్క అంటే చెవుడొచ్చిన గాయకుడు. ఎవరైనా నవ్వుతారేమోనని కాదు, పని మానిపిస్తారేమోనని.

నియమం వచ్చి ఏడాదిన్నర అయింది. వెనకున్న రేకుల పాక పడగొట్టి అక్కడ మాంసం నిల్వచేసే చల్లగది కడతామన్నారు. మర్నాడు తుక్కువాడు వస్తాడు.

"అక్కా, రేపు గుండిగ పోతుంది" అంది గంటమ్మ.

"పోనీ. మనమూ ఏదో ఒకరోజు పోయేవాళ్లమే."

"మనల్ని తుక్కువాడు కూడా కొనడు, అది వేరే సంగతి. ఇన్నేళ్లు మన కడుపులు నింపింది కదా, పోయేముందు ఒక్కసారి దాని కడుపు నింపి పంపిద్దామా?"

అందరి నోళ్లలోనూ నీళ్లూరాయి, అందరి కళ్లూ తలుపు వైపు తిరిగాయి. చిన్నకోడలు మెల్లగా అంది, "నేను ఈ ఇంటికొచ్చేసరికే నియమం వచ్చేసింది పెద్దత్తా. మీరంతా రోజూ చెప్పుకుంటారు, నేను ఒక్కసారి కూడా తినలేదు."

ఆ మాటకు పెద్దక్క పుల్ల తీసింది.

ఏడాదిన్నర తర్వాత కూడా చేతులు ఏమీ మరిచిపోలేదు. తిరగేసింది, రుద్దింది, మూడు నీళ్లు మార్చింది. ఊదింది. బుడగ రాలేదు. బొటనవేలి కింద పేగు గట్టిగా, జారుడుగా ఉంది. రంగు బాగుంది. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఏమీ లేదు. గోడను వాసన చూసినట్టుంది. ఏడుగురూ ఆమె మొహంలోకే చూస్తున్నారు. ఇరవై ఆరేళ్లు చూసినట్టే.

"బాగుంది" అంది పెద్దక్క.

తర్వాత ఎవరి మొహమూ చూడకుండా గుండిగ తోమడానికి వెళ్లింది.

మధ్యాహ్నం సూపర్‌వైజర్ భోజనానికి వెళ్లగానే తిన్నారు. ఒకరి తర్వాత ఒకరు తలుపు దగ్గర కాపలా, మిగతావాళ్లు నిలబడే. ఆ వారం డ్రమ్ము వంతు చిన్నకోడలిది. పొద్దున్నుంచీ మందు పోసి, చేతులు కడుక్కుని వచ్చింది. రెండుసార్లు పెట్టించుకుంది. "ఇంత బాగుంటుందని చెప్పనేలేదే!" అంది. "ఇరవై సార్లు చెప్పాను, వింటేగా!" అంది గంటమ్మ. చాలారోజుల తర్వాత ఆ గదిలో నవ్వు వినబడింది. గిన్నెలు కడిగి, బొగ్గుల మీద నీళ్లు చల్లి, ఎవరి చోటికి వాళ్లు వెళ్లిపోయారు. చిన్నకోడలు మళ్లీ డ్రమ్ము దగ్గరికి.

మూడు గంటలప్పుడు దబ్బుమని చప్పుడైంది.

ఆ పిల్ల గోడవారన పడి ఉంది. వాంతి చేసుకుంటోంది, మధ్యలో ఊపిరి అందక ఈలలాంటి చప్పుడు చేస్తోంది. పెదవులు పాలిపోయాయి. అందరూ ఆ పిల్లను చూస్తున్నారు. పెద్దక్కకు మాత్రం తన ముక్కే కనబడుతోంది. నేనే. నేను బాగుందన్నాను. తెలియకుండానే బాగుందన్నాను.

ఆటోలో పిల్ల తల ఒళ్లో పెట్టుకుని గంటమ్మ మొదటిసారి చిన్నగా మాట్లాడింది. "అక్కా, డాక్టరడిగితే పొద్దున రొట్టె తిందని చెబుదాం. ఆ సంగతి బయటికొచ్చిందా, ఏడు ఇళ్లలో పొయ్యి వెలగదు."

"నీ కోడలే అది."

"తెలుసు. నాకు తెలీదా? నా కొడుకు ఆర్నెల్లుగా మంచంలో ఉన్నాడు, మా ఇంటికి మా ఇద్దరి పాసులే దిక్కు. నేనేం చెయ్యను చెప్పు!" అని చెంగు నోట్లో కుక్కుకుంది.

ఆసుపత్రి వరండాలో బల్ల మీద పడుకోబెట్టారు. డాక్టరమ్మ చిన్న వయసుది, తొందరలో ఉంది. "ఏం తింది?"

"రొట్టె" అంది గంటమ్మ.

"ఇంకేం?"

"అంతేనమ్మా. రొట్టే."

డాక్టరమ్మ కలం కాగితం మీద ఆగింది. పిల్ల ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. పెద్దక్క వెనక గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఒకపక్క ఏడు ఇళ్లు. ఇంకోపక్క ఈ ఊపిరి. తప్పు మాట చెబితే తప్పు మందు ఇస్తారు. నిజం చెబితే రేపు గేటు తెరవరు. ఇన్నేళ్లూ ఆమెకు తెలిసిన తెలివి ఒక్కటే, నోరెత్తకపోవడం. ఇప్పుడు ఆ తెలివే ఈ పిల్లను చంపేలా ఉంది.

"రొట్టె కాదమ్మా" అంది. "పేగుల కూర. నేనే కడిగాను, నేనే వండాను. మంచిదో కాదో వాసన చూసి చెప్పేది నేనే. నాకు వాసన తెలియదమ్మా. నాలుగు నెలలైంది. ఎవరికీ చెప్పలేదు. తెలియకుండానే బాగుందని చెప్పాను."

గంటమ్మ తలెత్తి ఆమెను చూసింది.

"ఇంకెవరు తిన్నారు?"

"ఎనిమిదిమందిమీ తిన్నాం."

"మిగతా ఏడుగురు?"

"బాగానే ఉన్నాం."

డాక్టరమ్మ పిల్ల చెయ్యి ఎత్తి చూసింది. మోచేతిదాకా నీలం. దీపం వేసి ముక్కులోకి చూసింది. అక్కడా నీలమే.

"ఏంటిది?"

చెప్పారు. మందు గురించి, డ్రమ్ము గురించి, రేకు కొట్టిన కిటికీ గురించి. డాక్టరమ్మ నర్సును పిలిచి ఆక్సిజన్ పెట్టించింది. తర్వాత పెద్దక్క వైపు తిరిగింది. "మీరు ఆ మందు పోయడం మొదలుపెట్టి ఎన్నాళ్లయింది? వాసన ఎప్పటినుంచి తగ్గుతూ వచ్చింది?"

పెద్దక్క వేళ్లు మడిచింది. మడిచిన వేళ్లనే చూస్తూ ఉండిపోయింది.

"కూర కాదమ్మా" అంది డాక్టరమ్మ. "మీరంతా తిన్నది ఒకే గుండిగలోది. ఈ అమ్మాయి ఒక్కతే పొద్దున్నుంచీ ఆ మూసిన గదిలో డ్రమ్ము మీదికి వంగి ఆ మందు ఆవిరి పీలుస్తూ నిలబడింది. మీరు నిజం చెప్పకపోతే నేను రొట్టె దగ్గరే వెతుకుతూ ఉండేదాన్ని."

చిన్నకోడలు బతికింది. మూడోరోజు ఇంటికొచ్చింది. దగ్గు మాత్రం పోలేదు, మెట్టెక్కితే ఆయాసం.

డాక్టరమ్మ కాగితం మీద రెండు వరుసలు రాసింది. పైన, తిన్నదేమిటో. కింద, జబ్బు దేనివల్లో. ఆ కాగితం సెలవు కోసం కబేళాకు వెళ్లింది. సూపర్‌వైజర్ పై వరుస చదివాడు. ఇన్‌స్పెక్టర్ వచ్చి ఆయనా పై వరుసే చదివాడు. కింది వరుస ఎవరూ చదవలేదు. "తెచ్చింది నేను, వండింది నేను, తినమని బలవంతపెట్టింది నేను. వాళ్లకేం తెలీదు" అని పెద్దక్క తన పాసు తీసి బల్లమీద పెట్టింది. మిగతా ఏడుగురినీ హెచ్చరించి వదిలేశారు. నియమం చాలా దయ చూపించిందని అందరూ చెప్పుకున్నారు.

గంటమ్మ వారం రోజులు ఆమె ఇంటివైపు రాలేదు. ఎనిమిదోరోజు వచ్చి గుమ్మంలోనే నిలబడి, "నాకు సిగ్గుగా ఉందక్కా" అంది. "లోపలికి రా, సిగ్గుకు కూడా కాళ్లు నొప్పెడతాయి" అంది పెద్దక్క. పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది. "ఏం వాసనే ఇది?" అనడిగింది పెద్దక్క. గంటమ్మ చెప్పింది. ఇప్పుడు ఎవరొచ్చినా పెద్దక్క మొదట అడిగేది అదే.

వచ్చే సోమవారం నుంచి డ్రమ్ము దగ్గర వంతు మళ్లీ చిన్నకోడలిది. మొగుడు మంచంలో ఉన్నాడు, ఆ పిల్ల వెళ్లక తప్పదు. కిటికీకి రేకు అలాగే ఉంది. గంటమ్మకు రాత్రుళ్లు కన్ను మూతపడటం లేదు. పెద్దక్కకూ అంతే.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు మాంసం తినేవాళ్లు కావచ్చు, కాకపోవచ్చు. పేగుల కూర మాట వింటేనే ముక్కు మూసుకునేవాళ్లు కావచ్చు. మూసుకోవడానికి మీకు ముక్కు పనిచేస్తోంది కదా, సంతోషం. మీ ఊళ్లో మాంసం కోసే చోటు ఒకటి ఉంటుంది. ఈ వారంలో ఒకరోజు అక్కడికి వెళ్లండి. ఒంటరిగా వద్దు, ఇద్దరినో ముగ్గురినో వెంటబెట్టుకోండి. మందు పోసే గది చూపించమనండి. చేతి తొడుగులు ఎప్పుడిచ్చారో అడగండి. కడగడం వచ్చిన చేతుల్ని పరీక్షించి పాసు ఇవ్వొచ్చు కదా, తినదగ్గదాన్నంతా చెత్త అనడం దేనికని అడగండి. అడిగినవి కాగితం మీద రాసి సంతకం చేసి ఆఫీసులో ఇవ్వండి. తీసుకున్నట్టు ముద్ర వేయించుకోకుండా కదలకండి.

వాళ్లు మీకు ఏ కాగితం చూపించినా, దయచేసి కింది వరుస కూడా చదవండి. సోమవారానికి ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి.