చాయ్ రంగు నీళ్లు

ఎల్లారెడ్డి దగ్గర మా మేనమామకు చెరువు పైని వాలులో మక్కజొన్న చేను ఉండేది. చేని చుట్టూ ఉన్న మోదుగ, ఇప్ప చెట్ల నీడ పంటను చంపుతోందని ఒక ఎండాకాలం అన్నింటినీ కొట్టించాడు. నీడ పీడ వదిలింది. ఆ తర్వాత వాన పడ్డప్పుడల్లా ఒడ్డు మీద కూర్చుని, చేనులోంచి ఉరికే ఎర్రనీళ్లను దోసిట పట్టి నాకు చూపేవాడు.

"చూడు అల్లుడా, చిక్కటి చాయ్ లెక్కున్నయ్. బలమంటే గిది."

"ఆ బలం చెరువులకు పోతున్నది గద మామా," అన్నాను ఒకసారి.

"కామారెడ్డిల సదువుకున్నోనివి, ఎవుసం సంగతి నీకేం దెలుస్తది?"

నిజమే, నాకేం తెలుసు. మూడేళ్లు తిరిగేసరికి చేనులో రాళ్లు బ్రహ్మాండంగా పండాయి. చెరువు పూడిపోయి, ఎండలు ముదరకముందే ఎండింది. మా వైపు ఎండిన చెరువు మట్టిని చేన్లకు తోలుకోవడం మామూలే. మామ కూడా ట్రాక్టరు పెట్టి తోలించాడు. పిడికెడు మట్టి తీసి, వాసన చూసి మురిసిపోయాడు.

"మస్తు బలమున్నది అల్లుడా. ఎవడో తెలివిలేనోడు పోగొట్టుకున్నడు, పాపం."

ఆ తెలివిలేనివాడికి ఆ పూట చాయ్ నేనే పోశాను, చిక్కగా.