పర్డీగారి నల్ల పుస్తకం

మా విలో ఫోర్డ్ కౌంటీ గుమాస్తా ఆన్సెల్ పర్డీగారికి ఒకే ఒక్క జబ్బు. చెవిన పడిన ప్రతి మాటా రాసేసుకోవడం. దారిలో కనబడి "నమస్కారం పర్డీగారూ" అంటే, తిరిగి నమస్కారం పెట్టేవారు కాదు. "ఇప్పుడు గంటెంత?" అని అడిగి కలం తీసేవారు.

మా కౌంటీలో పందులు అడవిలో తిరిగి మేస్తాయి. అందుకని ఎవరి పందికి ఏ చెవిన ఎన్ని గాట్లో కచేరీలో రాయించాలి. మిగతా ఊళ్ళ గుమాస్తాలు ఒక ముక్క రాసి ఊరుకుంటారు. పర్డీగారు చెవి బొమ్మ గీసేవారు, నరాలతో సహా. కమ్మరి గస్ ఓల్మన్ ఆ బొమ్మ చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "అచ్చం మా బెర్తాయేనండీ! క్రిస్మస్‌కి కోసేశాం పాపం."

ఒకసారి సుడిగాలి వచ్చి కచేరీ పైకప్పు ఎగరేసుకుపోయింది. నేను ఈ ఊరి వడ్రంగిని కాబట్టి ముందు నేనే పరిగెత్తాను. పర్డీగారు బల్ల కింద సిరాబుడ్డిని గుండెలకి హత్తుకుని కూర్చున్నారు. నన్ను చూడగానే "లైల్, కప్పు తూర్పుకి పోయిందా, ఈశాన్యానికా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. మాట రాలేదన్న సంగతి కూడా రాసుకున్నారు.

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. నవ్వు రానిది ఆయన నల్ల పుస్తకం ఒక్కటే. దాని అట్ట మీద 'వివిధ విషయాలు' అని ఉండేది. ఎవరైనా తాగి కిటికీలు పగలగొట్టినా, పెళ్ళాం మీద చెయ్యెత్తినా, చేసిన తప్పు కడుపులో దాచుకోలేక గిలగిలలాడినా, పర్డీగారు ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆ పుస్తకం తెరిచేవారు. "చెప్పు, రాసుకుంటున్నాను." కలం గరగరలాడుతూ నడిచేది. రాసిందాన్ని కొట్టెయ్యడం మాత్రం ఉండదు. బతిమాలినా అంతే.

అందులో నా పేజీ కూడా ఉంది. లవీనియాతో పెళ్ళికి అనుమతి కాగితం కోసం వెళ్ళినప్పుడు "పూర్తి పేరు?" అని ఆయన ఒక్క ప్రశ్న వేశారు. అంతే, నాలో ఉన్నదంతా బయటికి వచ్చేసింది. నా పేరు లైల్ హ్యాస్కెట్ కాదనీ, యుద్ధంలో మొదటి ఫిరంగి పేలగానే తుపాకి పారేసి మూడు రోజులు ఆగకుండా పరిగెత్తాననీ చెప్పేశాను. నా కాబోయే మామ కెప్టెన్ స్ట్రౌడ్ అదే యుద్ధంలో కాలు పోగొట్టుకున్న మనిషి. పారిపోయిన సిపాయి నీడ కూడా తొక్కనంటాడు. పర్డీగారు అరగంట సేపు రాశారు. ఆ తరవాత తొమ్మిదేళ్ళు ఆయన కచేరీలో తలుపు కిర్రుమన్నా, బీరువా వంగినా నేను పిలవకుండానే వెళ్ళి బాగుచేసేవాణ్ణి. కూలి ఇస్తానంటే చెవులు మూసుకునేవాణ్ణి.

మా వైపు కౌంటీ ముఖ్యపట్టణం అంటే రికార్డు పుస్తకాలున్న ఊరే. పుస్తకాలు బండెక్కితే కోర్టూ, జైలూ వాటి వెనకే వెళతాయి. ఆ హోదా ఏ ఊరిదన్న ఓట్ల లెక్క తెగక పక్క ఊరు న్యూ కార్తేజ్‌కీ మాకూ రెండేళ్ళుగా గొడవ. ఒక ఆదివారం మేమంతా చర్చిలో ఉండగా బళ్ళ చప్పుడు వినబడింది. బయటికి వచ్చి చూస్తే కచేరీ ముందు మూడు బళ్ళు, ఇరవై మంది మనుషులు. గుమ్మంలో కుర్చీ వేసుకుని పర్డీగారు.

"సంతకం పెట్టకుండా ఒక్క పుస్తకం గడప దాటదు" అంటున్నారు ఆయన.

న్యూ కార్తేజ్ హోటలు యజమాని రూఫస్ టాల్మన్ వాళ్ళ నాయకుడు. చంకలో తుపాకి పెట్టుకుని, నాలుక బయటపెట్టి, పదకొండు పుస్తకాలకి పదకొండు సంతకాలు చేస్తున్నాడు!

"దొంగిలించాను అని రాయాలా?" అని అడిగాడు చిరాగ్గా.

"తీసుకువెళ్ళాను అని రాయి చాలు. ఎందుకన్నది నేను రాసుకుంటాను."

పుస్తకాలు బండెక్కాయి. వాటి మీదికి పర్డీగారు కూడా ఎక్కారు. గుమాస్తా లేకుండా పుస్తకాలు ప్రయాణం చెయ్యకూడదట. ఒక దొంగ బెదిరిపోయాడు. "అన్నా, గుమాస్తాని ఎత్తుకెళ్తే ఉరి తీస్తారేమో!"

"మనం ఎత్తుకెళ్ళడం లేదురా, ఆయనే వస్తున్నాడు!" అన్నాడు టాల్మన్ ఏడుపు మొహంతో. అంతలోనే నల్ల పుస్తకం కంటబడి వాడి మొహం వెలిగిపోయింది. దాన్ని పైకెత్తి మావైపు ఊపాడు. "సాయంత్రం మా హోటలు అరుగు మీద ఇది చదువుతాను. విలో ఫోర్డ్ పెద్దమనుషుల బతుకులు అందరూ వింటారు!"

అప్పటిదాకా తుపాకుల కోసం కేకలేస్తున్న మావాళ్ళు చప్పున నోళ్ళు మూసేశారు. పాదిరిగారి మొహం కూడా పాలిపోయింది. గస్‌కి ఉన్నట్టుండి మోకాలు నొప్పి పట్టుకుంది.

"పదండి!" అని అరిచాడు మా మామ, చెక్క కాలు నేలకేసి కొడుతూ. "దాచుకోవడానికి మనకేముంది?"

లవీనియా వచ్చి బండి మీద నా పక్కన కూర్చుంది. పన్నెండు మైళ్ళు. తొమ్మిదేళ్ళ కాపురం ఈ సాయంత్రంతో సరి అనుకుంటూ తోలాను. గుర్రాలు ఎంత మెల్లగా నడిస్తే అంత బాగుండుననిపించింది.

మేం చేరేసరికి హోటలు ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. టాల్మన్ గొంతు సవరించుకుని చదివాడు. "కమ్మరి గస్ ఓల్మన్ వచ్చాడు. గాలి దక్షిణం నుంచి. ఇతను సాగగొట్టిన నాగలి కర్రు చూశాను. రాళ్ళ నేలలో కూడా మొద్దుబారలేదు."

జనం ఎదురుచూశారు. టాల్మన్ పేజీ తిప్పి వెనక చూశాడు. ఇంకేమీ లేదు. గస్ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. వాడు ఆ రోజు పంది దొంగతనం ఒప్పుకోవడానికి వెళ్ళాడని మాకు తరవాత తెలిసింది.

"పాదిరిగారు వచ్చారు. జల్లు పడింది. వీరి తోటలో గుమ్మడికాయలు బాగా కాశాయి." టాల్మన్ గొంతు సన్నబడింది. ఇంకో గుప్పెడు పేజీలు తిప్పాడు. "వడ్రంగి లైల్ హ్యాస్కెట్..."

నా చెవుల్లో ఫిరంగులు మోగాయి.

"...పెళ్ళి కాగితానికి వచ్చాడు. ఎండగా ఉంది. ఇతను నా తలుపుకి వేసిన అతుకులో కాగితం కూడా దూరలేదు. ఇలాంటి చెయ్యి ఊళ్ళో ఉండిపోవాలి."

మా మామ నా వీపు మీద చరిచాడు. "నేను చెప్పలా, పనివాడని!"

టాల్మన్ పుస్తకం మూసి పర్డీగారి వైపు తిరిగాడు. "ఇదేం రికార్డయ్యా, మహానుభావా?"

"వివిధ విషయాలు" అన్నారు పర్డీగారు.

జనం నవ్వుకుంటూ చెదిరిపోయారు. నేను మాత్రం ఆయన్ని పక్కకి లాగాను. "మరి నేను చెప్తున్నంతసేపూ ఏం రాశారండీ?"

"నువ్వు చెప్పినదాంట్లో రాయదగ్గది ఏమీ కనబడలేదోయ్. తలుపు గురించి రాశాను, తరవాత తలుపు బొమ్మ గీశాను. అయినా, నేను నీ మొహం చూస్తూ కూర్చుంటే నువ్వు చెప్పగలిగేవాడివా?"

తిరిగి వస్తూ సగం దారిలో బండి ఆపాను. పేజీలో లేనిదంతా లవీనియాకి నేనే చెప్పేశాను. ఆమె టోపీ తాడు బిగించుకుంటూ విన్నది.

"తెలుసు" అంది.

నా చేతిలోంచి పగ్గాలు జారిపోయాయి.

"నిద్దట్లో ఫిరంగి, ఫిరంగి అని పరిగెడతావు. పోయిన నెలే మంచం కోడు విరగ్గొట్టావు. నువ్వు యుద్ధంలోంచి పారిపోయి వచ్చావా అని పెళ్ళయిన కొత్తలో వెళ్ళి పర్డీగారిని అడిగాను. ఆయన ఆ నల్ల పుస్తకం మొదటి నుంచి చివరిదాకా వెతికి, 'అలాంటిదేమీ నమోదు కాలేదమ్మా' అన్నారు. సర్కారు పుస్తకంలోనే లేనప్పుడు నేనెందుకు మనసులో పెట్టుకోవాలి?" అని పగ్గాలు తానే అందుకుంది. "కాని, ఇదిగో, మా నాన్నతో మాత్రం అనకు. రెండో కాలు బాగానే ఉంది ఆయనకి."