భివండి నుంచి పదకొండు జవాబు పత్రాలు

1997 జులైలో నన్ను మరమగ్గాల పట్నం భివండికి విచారణకు పంపారు. అప్పటికి నేను సికింద్రాబాద్‌లోని ఒక బైబిలు పోస్టల్ కోర్సు కార్యాలయంలో సీనియర్ పరీక్షకుడిని. మా పని ఎలా సాగేదో ముందు చెప్పాలి. పేరు నమోదు చేసుకున్నవారికి నెలకొక పాఠం పోస్టులో వెళ్తుంది. చివరన ఉన్న ప్రశ్నలకు సొంత చేతిరాతతో జవాబులు రాసి పంపాలి. మేము దిద్ది, మార్కులు వేసి, తర్వాతి పాఠంతో కలిపి తిప్పి పంపుతాం. పన్నెండు పాఠాలూ పూర్తి చేసినవారికి సర్టిఫికెట్, గట్టి అట్ట బైబిలు ఉచితం.

ఆ ఉచితంతోనే చిక్కు. అంతకు రెండేళ్ల క్రితం ఒకతను లేని మనుషుల పేర్లతో కోర్సు నడిపి, బైబిళ్లు తెప్పించి అమ్ముకున్నాడు. అందుకే భివండి నిజాంపురాలోని ఒకే చిరునామా నుంచి వచ్చే పదకొండు పత్రాల్లో ఒకే చేతిరాత కనిపించగానే నాకు అనుమానం వచ్చింది. నాలుగో పాఠంతో అది గట్టిపడింది. దేవుడు మనిషిని నీతిమంతుడిగా తీర్చడం అంటే ఏమిటని అడిగితే పదకొండు మందీ ఒకే వాక్యం రాశారు: ‘దాగ్ ఉన్న తాకాను మెహతాజీ ఫ్రెష్ అని రాసుకున్నట్టు.’ తాకా అంటే మగ్గం మీంచి దిగిన బట్ట. దాగ్ అంటే మచ్చ, ఫ్రెష్ అంటే మచ్చలేని మొదటి రకం సరుకు. మెహతాజీ అంటే కార్ఖానాలో బట్ట చూసి తీసుకునే గుమాస్తా. అందరికీ సున్నా వేసి, పక్కన ‘దేవుడు మోసపోడు’ అని రాశాను. ఎనిమిదో పాఠం దాకా చూసి, రిజిస్ట్రారుకు నోటు పెట్టాను. ఒక కార్డు రాసి వాళ్లనే అడగవచ్చు. అడిగితే జాగ్రత్త పడతారని అడగలేదు.

కల్యాణ్‌లో రైలు దిగి, బస్సులో భివండి చేరేసరికి పొద్దెక్కింది. ఆ రోజు శుక్రవారం, మగ్గాలకు సెలవు. చిరునామాలో ఉన్నది ఒక చాయ్ హోటల్. పేర్లు చదివితే హోటలాయన తనకెవరూ తెలియరన్నాడు. మూలన చాయ్ తాగుతున్న నలభై ఏళ్ల మనిషి నా సంచీ వైపే చూస్తున్నాడు. నేను బయటికి రాగానే వెనకాలే వచ్చాడు.

“ఎవరు పంపిండ్రు మిమ్మల్ని? పేర్లెందుకు రాసుకొచ్చిండ్రు?”

నా గుర్తింపు కార్డు చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, తానే మల్లేశమని చెప్పాడు. పదకొండు పేర్లలో మొదటిది అదే. జగిత్యాల వైపు నుంచి వచ్చి పదిహేనేళ్లుగా మగ్గాలు నడుపుతున్నాడు. ఏడో తరగతి చదివాడు. రాసేది తానేనని దాచకుండా ఒప్పుకున్నాడు.

“మిగిలినోళ్లకు రాయ రాదు సార్. శుక్రారం కూసుంటం. నేను చదువుత, అందరు ఇంటరు. ప్రశ్న మీద మాట్లాడుకోని ఒక్క మాటకొస్తం. గదే రాస్త.” గొంతు తగ్గించి, “మా పేర్లు ఊర్లె చెప్పకుండ్రి. మేం మతం మారలే, సదువుకుంటున్నం. తెలిస్తే పంచాయితైతది,” అన్నాడు.

నేను నమ్మలేదు. ఒక్కొక్కరినీ విడిగా పరీక్షించాలన్నాను. అందుకు అతను మగ్గాలు ఆగి ఉన్న షెడ్డు చూపించాడు. నూనె వాసన, మగ్గాల కింద పేరుకున్న దూది. రెండు మగ్గాల మధ్య స్టూలు వేసుకుని, అతన్ని గల్లీ చివర నిలబడమని, మిగిలినవాళ్లను వరసగా పిలిచాను. నాలుగో పాఠం ప్రశ్నే అడిగాను. ఎవరి మాట వాళ్లదిగా వచ్చింది. ఒకతను కోర్టు సంగతి చెప్పాడు. ఒక ముసలామె, తల్లి బిడ్డ మొహం తుడిచి ఎత్తుకున్నట్టు అంది. అది పాఠానికి పూర్తిగా సరిపోదు గాని ఆమె విన్నదని తెలిసింది. తొమ్మిది మంది అయ్యేసరికి మనుషులు లేరన్న అనుమానం పోయింది.

చివరి పేరు రాజన్న. పిలిస్తే ముప్పై అయిదేళ్ల స్త్రీ వచ్చి నిలబడింది. రాజన్న ఏడని అడిగాను. గుమ్మం దగ్గరికి వచ్చేసిన మల్లేశం, “ఊరికి పోయిండు సార్,” అన్నాడు నేల చూస్తూ.

ఆమె అతని వైపు తిరిగింది. “అబద్ధమెందుకు మల్లేశం?” నాతో చెప్పింది: “సచ్చిపోయిండు సార్. దగ్గుతోని. నాలుగు నెలలాయె. నేను ఆయన పెండ్లాన్ని, పోశవ్వను.”

లెక్క చూస్తే అయిదో పాఠం నుంచి రాజన్న లేడు. చనిపోయినవాడికి నేను నాలుగు సార్లు మార్కులు వేశాను. ఎందుకు పంపారని అడిగాను.

“వదినె అడిగింది,” అన్నాడు మల్లేశం.

“ఆయన పేరు మీద కవర్ వస్తది,” అంది పోశవ్వ. “పోస్ట్‌మన్ పేరు పెట్టి పిలుస్తడు. ఆయన జాగాల కూసోని నేనే ఇన్న. జవాబు నేనే చెప్పిన. మీరు తప్పు కొట్టిండ్రే, తాకా మాట, గది ఆయన చెప్పింది.”

ఎందుకు తప్పో వివరించాను. మచ్చ కనబడక ఒప్పుకుంటే అది గుమాస్తా పొరపాటు, దేవుడు అలా పొరబడడు అన్నాను.

“కనవడక కాదు సార్. మెహతాజీ సూసిండు. బట్ట మీద మగ్గం నంబరుంటది కదా. దేవుని కొడుకు తన మంచి తాకా మీద మా నంబరేసిండు. మా దాగ్ తాకా తన నంబరు కిందికి తీసుకున్నడు. ఆయన గట్ల చెప్పిండు. రాసేటప్పుడు పొట్టిగ రాసిండ్రు.”

దేవుని కుమారుడు మన పాపం తన మీద వేసుకుని తన నీతిని మనకిచ్చాడన్న ఆ సిద్ధాంతానికి మా పాఠ్యపుస్తకంలో రెండు పేజీలున్నాయి. వాటిలో ఉన్నదంతా ఆ మాటల్లో ఉంది. నేను ఒప్పుకున్నాను. అయినా నియమం నియమమే. ఒకరి నమోదు మీద మరొకరు రాయడం కుదరదని, రాజన్న నంబరు మూసేయాలని చెప్పాను.

ఆమె కొంగు సర్దుకుని, “ఒకరి పేరు మీద ఇంకొకరు నిలవడుడు తప్పయితే, పాఠంల మీరు చెప్పిందేంది సార్?” అంది.

అది దేవుడు చేసిన పని, దరఖాస్తు ఫారం మీద మనం చేసేది కాదు అన్నాను. జవాబు సరైనదే. చెప్తూ ఆమె మొహం మాత్రం చూడలేకపోయాను.

అక్కడే పోశవ్వ పేరుతో కొత్త ఫారం నింపి వేలిముద్ర తీసుకున్నాను. కార్యాలయానికి వచ్చాక నాలుగో పాఠం మార్కులు పదకొండు మందికీ దిద్దాను. రాజన్న మార్కులు కూడా దిద్ది, ఆ తర్వాతే అతని నంబరు మూశాను. రాయలేనివారు బృందంగా విని ఒకరి చేత రాయించవచ్చని, ఏడాదికోసారి మౌఖిక పరీక్ష పెట్టాలని సిఫారసు చేశాను. మరుసటి ఏడు అది నియమమైంది. మల్లేశంతో సహా పదిమందీ కోర్సు పూర్తి చేశారు. పోశవ్వకు మొదటి పాఠం పంపాం. జవాబు రాలేదు. రెండు నెలలకు మల్లేశం ఒక కార్డు రాశాడు. వదినె శుక్రవారాలు వచ్చి వింటోంది గాని, తన పేరుతో కవరు వద్దంటోందని అందులో ఉంది.

అనుమానించడం పరీక్షకుడి పనిలో భాగమే. దాన్ని తప్పుపట్టను. వెళ్లి చూడకపోతే చనిపోయినవాడికి సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లం. కాని ఆ పత్రాలు దిద్దేటప్పుడు, జవాబు తప్పా లేక అది నాకు అర్థం కాలేదా అని ఒక్కసారి కూడా నన్ను నేను ప్రశ్నించుకోలేదు. ఆ తర్వాత పదకొండేళ్లు ఆ ఉద్యోగంలో ఉన్నాను. అర్థం కాని జవాబు వస్తే మార్కు వేయకుండా పక్కన పెట్టి, ‘దీని అర్థం రాయండి’ అని కార్డు పంపేవాడిని. పని ఆలస్యమవుతోందని పైవాళ్లు రెండుసార్లు మెమో ఇచ్చారు. ఆ పద్ధతి మార్చుకోలేదు.