నేను చెప్పకముందే అమ్మకు చేరిన నా జబ్బు

నా లోపలి ప్రతి అవయవాన్నీ ఎరిగిన దేవునికి ముందుగా స్తోత్రం చెల్లించి ఈ నాలుగు మాటలు మొదలుపెడుతున్నాను. నేను నోరు తెరవకముందే నా మనవి ఆయనకు తెలుసు. తెలిసినదాన్ని తన దగ్గరే భద్రంగా ఉంచుకోవడమూ ఆయనకు తెలుసు. ఆయన నామానికే మహిమ.

నేను నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్ సూపర్‌వైజర్‌ని. సొంతూరు ఆళ్లగడ్డ. శనగ విత్తనాలు గ్రేడింగ్‌కు వచ్చే రోజుల్లో ఒక మధ్యాహ్నం, క్యాంటీన్‌లో పప్పు వాసన తగలగానే కడుపులో తిప్పింది. ఎన్నడూ లేనిది, కంచం పక్కన పెట్టేశాను. ఆ తర్వాత పొద్దున లేస్తూనే అలసట. మెట్లెక్కితే కాళ్లు బరువు. విత్తనాలకు మందు పట్టించే చోట పనిచేసేవాళ్లకు ఇలాంటివి మామూలే అని సరిపెట్టుకున్నాను.

అప్పుడే కంపెనీలో వెల్‌నెస్ ప్రోగ్రాం పెట్టారు. ఫోన్‌లో యాప్ వేసుకోవాలి. రోజూ ఎంత నడిచామో, ఎంత నిద్రపోయామో అది చూస్తుంది. రక్తపరీక్షలు క్యాంటీన్‌లోనే, ఉచితం. చేరినవాళ్లకు ఇన్సూరెన్స్‌లో వెసులుబాటు కూడా ఉంటుందన్నారు. యాప్‌లో ఇంగ్లీషులో ఏదో పొడుగ్గా వచ్చింది, కింద ఒప్పుకుంటున్నానని నొక్కే చోటు ఉంది. చదవకుండానే అందరం నొక్కాం.

"ఏమేం చూస్తారమ్మా ఇందులో?" అని రక్తం తీస్తున్న నర్సును అడిగాను.

"అన్నీ చూస్తారన్నా. పిడికిలి బిగించు."

"మా రక్తంలో శనగపిండి తప్ప ఏముండదులే అక్కా" అన్నాడు వెనక నిలబడిన హమాలీ ఒకతను. అందరం నవ్వాం.

కొద్దిరోజులకు ఫోన్‌లో రిపోర్టు వచ్చింది. ఒక్క వరుస మాత్రం ఎర్రగా ఉంది. హెచ్‌బీఎస్ ఏజీ రియాక్టివ్. గ్రేడింగ్ మిషన్ పక్కన నిలబడి ఆ అక్షరాలను మళ్లీ మళ్లీ చదివాను. అర్థం కాలేదు.

నా భార్య కరుణ, నేను సాయంత్రమే డాక్టరు దగ్గరికి వెళ్లాం.

"హెపటైటిస్ బి. ఇది స్క్రీనింగ్ మాత్రమే. వైరల్ లోడ్, లివర్ ఫంక్షన్, లివర్ గట్టిపడిందేమో చూసే ఫైబ్రోస్కాన్, ఇవి చూడందే ఏమీ చెప్పలేను" అన్నాడాయన. "కంచంలో తింటే రాదు, పక్కన కూర్చుంటే రాదు. మీ ఆవిడకు పరీక్ష చేసి వ్యాక్సిన్ వేద్దాం. మీ ఇంట్లో ఎవరికైనా లివర్ జబ్బు ఉండేదా?"

ఉండేది. మా అన్న ఏలియా. పొట్ట ఉబ్బి, కళ్లు పసుపై, మా అమ్మ ఒడిలోనే పోయాడు. అప్పట్లో పసరు మందులు తాగించాం, అది ఏ జబ్బో ఎవరూ పేరు చెప్పలేదు.

డాక్టరు అది రాసుకున్నాడు. "చాలామందికి ఇది పుట్టేటప్పుడు తల్లి నుంచి వస్తుంది. ఆమెకు తెలియకుండానే ఉండొచ్చు. ఆమెకూ ఒకసారి పరీక్ష చేయించండి."

బయటికి వచ్చాక కరుణతో ఒకటే చెప్పాను. "అమ్మకు ఎవరూ చెప్పకూడదు. రిపోర్టులన్నీ రానీ. నేనే ఆళ్లగడ్డకు పోయి, పక్కన కూర్చుని చెప్తా." షుగర్ ఉన్న మనిషి. ఒక కొడుకును లివర్‌తోనే పోగొట్టుకుంది. ఆమె చెవిన ఈ మాట ఎట్లా పడాలో, ఎవరి నోటి నుంచి పడాలో, నాకు అదే ముఖ్యమైపోయింది.

ఆ ఆదివారం ఆరాధనలో పాస్టరు గారు ఎప్పటిలాగే ప్రార్థన మనవులు అడిగారు. మా సంఘంలో అది ఆనవాయితీ. ఎవరి భారం వాళ్లు లేచి చెప్తారు, సంఘమంతా మోకరిస్తుంది. ఆనంద్ లేచాడు. మా కంపెనీలో వెల్‌నెస్ పనులు చూసేది అతనే. మందిరంలో పాటలు పాడతాడు, నాతో కలిసి సండే స్కూలు పిల్లలకు వాక్యం చెప్తాడు. నా పేరు పెట్టి చెప్పాడు. జబ్బు పేరు కూడా చెప్పాడు.

"లివర్ జబ్బు వచ్చిందయ్యగారూ. అన్న ఎవరికీ చెప్పుకోలేక లోపల్లోపల కుమిలిపోతాండాడు. భారంతో ప్రార్థన చేయండి."

ఆ మాటంటూ కళ్లు తుడుచుకున్నాడు. నిజంగానే ఏడుస్తున్నాడు. పక్క వరుసలో కరుణ తల దించుకుంది. నాకోసం సంఘమంతా మొరపెడుతుంటే నేను ఆమెన్ అనలేకపోయాను.

బయట చెప్పులు వేసుకుంటుంటే ఆనంద్‌ను పట్టుకున్నాను. "నీకు యాడ తెలిసింది ఆనందూ?"

"అందరివీ ఆఫీసుకు వచ్చినాయన్నా. నీ పేరు పక్కన ఎర్రగా చూస్తానే నాకు ప్రాణం పోయినట్లైంది."

"చూసినావు సరే. నాతో ఒక మాట అనాల్సింది కదప్పా!"

"ఇది దాచుకునే సంగతా అన్నా? దాచిపెట్టుకుంటే ప్రార్థన ఎట్ల చేస్తారు?" అని నా చెయ్యి పట్టుకున్నాడు. "మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా పెట్టినాలే. శానామంది మోకాళ్ల మీద ఉండారు."

మన గ్రూపుల్లో ఆళ్లగడ్డ సంఘం వాళ్లూ ఉన్నారని ఆ క్షణంలో నాకు తట్టలేదు.

సోమవారం క్యాంటీన్‌లో నా గ్లాసు విడిగా పెట్టి ఉంది. "ఏమనుకోవద్దన్నా, పిల్లలు గలవాళ్లం" అన్నాడు వడ్డించే అతను నా మొహం చూడకుండా. హెచ్ఆర్ మేడం పిలిచి, కొన్నాళ్లు ప్యాకింగ్ వదిలి గేటు దగ్గర లారీలు చూసుకోమంది.

"నా రిపోర్టు మీకెందుకు వచ్చింది మేడం?"

"యాప్‌లో మీరే ఒప్పుకున్నారు సార్. ఇదంతా మీ మంచికే కదా."

గేటు దగ్గర కుర్చీలో కూర్చుని రోజూ అమ్మకు ఫోన్ చేసేవాణ్ణి.

"ఏం చేస్తాండావ్‌మా?"

"ఏముంది నాయనా, ఊరికే కూచోని ఉండా. నువ్వు తింటాండావా? ఒంట్లో బాగుండాదా?"

"బాగుండాదిమా."

"ఏమన్నా ఉంటే చెప్పు నాయనా."

"ఏం లేదుమా."

ఆమె ఆ ప్రశ్న రోజూ అడిగింది. నేను రోజూ అదే జవాబు ఇచ్చాను. ఇప్పుడు ఆ గొంతు తలుచుకుంటే, ప్రతి ప్రశ్న వెనకా ఆమె ఎంతసేపు ఆగిందో నాకు వినపడుతుంది.

పరీక్షలన్నీ అయ్యాక కర్నూలులో పెద్ద డాక్టరును కలిశాం. ఫైబ్రోస్కాన్ చూసి మొదటిసారి నవ్విన మనిషి ఆయనే. "లివర్ బాగుంది. వైరస్ కొంచెం ఎక్కువగా ఉంది, రోజుకొక మాత్ర వేసుకుందాం. మీ అంతట మీరు ఆపొద్దు. నిండు జీవితం బతుకుతారు." కరుణకు నెగెటివ్. ఆసుపత్రి మెట్ల మీదే ఇద్దరం కళ్లు మూసుకుని దేవునికి కృతజ్ఞత చెప్పుకున్నాం.

నంద్యాలకు వచ్చి, ఆమెను ఇంటికి పంపి, రిపోర్టులు చంకన పెట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను. అమ్మకు ఎట్లా మొదలుపెట్టాలో దారంతా మాటలు కూర్చుకున్నాను. ముందు అన్నం పెట్టమంటాను. ఇద్దరం తిన్నాక, లివర్ బాగుందన్న మాట ముందు చెప్పి, జబ్బు పేరు తర్వాత చెప్తాను. తల్లి నుంచి వస్తుందన్న మాట అసలు చెప్పను. సిరివెళ్ల దాటాక ఫోన్ మోగింది. అమ్మ పక్కింటి ఎస్తేరక్క.

"యాడుండావప్పా? బేగా రా. మీయమ్మ పడిపోయింది."

ప్రభుత్వాసుపత్రిలో అమ్మకు గ్లూకోజ్ ఎక్కుతోంది. డ్యూటీ డాక్టరు నా మీద కేకలేశాడు. "లో షుగర్. తిండి మానేసి షుగర్ మాత్రలు మాత్రం తప్పకుండా మింగుతాంది. ఇంట్లో చూసేవాళ్లే లేరా? తుంటి ఎముక కూడా విరిగినట్లుంది."

బయట ఎస్తేరక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. "ఆదివారం పొద్దుగూకినాక గ్రూపులో నీ పేరు వచ్చింది. నేనే చదివి వినిపిస్తి. ఆ తెల్లారి నుంచి ఉపవాసం పట్టింది. పగలంతా నీళ్లు కూడా ముట్టదు, పొద్దుగూకితే ఇంత మజ్జిగ. వద్దుక్కా అంటే వినల్యా. మంచం కాడ మోకరించి, లేయబోతా పడిపోయింది. నీకు ఫోన్ చేస్తానంటే ఒట్టు పెట్టించుకుందప్పా. వాడే చెప్తాడు, వాన్ని నోరు తెరవనీ అన్న్యది."

మెలకువ వచ్చాక అమ్మ నా మొహాన్ని, కళ్లను పరీక్షగా చూసింది. కళ్లు పసుపుగా ఉన్నాయేమోనని.

"నువ్వే చెప్తావని చూస్తాంటి నాయనా."

"రిపోర్టులు రానీలే అనుకున్నామా. ఈ పొద్దే వచ్చినాయి. నాకేం కాదు. డాక్టరే చెప్పినాడు."

"ఏలియా కూడా ఇట్లనే అన్న్యాడు. ఏం కాదుమా అని."

కూర్చుకుని వచ్చిన మాటలేవీ పనికి రాలేదు. కొంచెం జావ తెప్పించి చెంచాతో పట్టాను. "నువ్వు తిన్యావా?" అని అడిగింది. తిన్నానని చెప్పేదాకా నోరు తెరవలేదు.

నంద్యాలకు తెచ్చి తుంటికి ఆపరేషన్ చేయించాం. ఆపరేషన్ బాగానే జరిగింది. మంచం మీద ఉండగా ఊపిరితిత్తులకు నిమ్ము చేరింది. నేను మాత్ర మింగడం రోజూ కళ్లారా చూసి, నా కళ్లు తెల్లగా ఉన్నాయని కరుణతో చెప్పి, ఒక తెల్లవారుజామున అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. ఆ జబ్బు తల్లి నుంచి వస్తుందన్న మాట మాత్రం ఆమె చెవిన పడలేదు. నేను ఆమె కోసం కాపాడగలిగింది ఆ ఒక్కటే.

సమాధుల తోటలో అందరూ వెళ్లిపోయాక ఆనంద్ వచ్చాడు.

"నా ప్రార్థనే ఆమెను చంపిందా అన్నా?"

అతన్ని దాటుకుని ఇంటికి నడిచాను. చాలా రోజులు అతని పక్కన కూర్చుని పాట కూడా పాడలేకపోయాను. క్షమించానని మోకాళ్ల మీద చెప్పి, లేచేసరికి మళ్లీ కోపంతో ఉండేవాణ్ణి.

ఒక ఆదివారం సండే స్కూలులో, చనిపోయిన పాపను ప్రభువు లేపిన కథ చెప్తున్నాను. లేపే ముందు ఆయన ఇంట్లో గుమిగూడిన వాళ్లందరినీ బయటికి పంపాడు. తల్లిదండ్రులనూ ముగ్గురు శిష్యులనూ మాత్రమే లోపల ఉంచుకున్నాడు. ఆ తర్వాత కూడా సంగతి ఎవరికీ తెలియనివ్వొద్దన్నాడు. ఎన్నేళ్లుగానో చెప్తున్న కథ. ఎప్పుడూ లేపడం గురించే చెప్పాను, జనాన్ని బయటికి పంపడం గురించి ఎన్నడూ చెప్పలేదు. తల తిప్పితే ఆనంద్ వెనక బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. సమాధుల దగ్గర అతను అడిగినదానికి ఆ రోజు వెళ్లి జవాబు చెప్పాను. "ప్రార్థన కాదు ఆనందూ. నన్ను అడగకపోవడం."

అతను ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

ఇప్పుడు రోజూ మాత్ర వేసుకుంటున్నాను. వైరస్ బాగా తగ్గింది, కడుపులో తిప్పడం పోయింది. కంపెనీలో నేనింకా గేటు దగ్గరే. మొన్న మళ్లీ రక్తపరీక్షల క్యాంపు పెట్టినప్పుడు, రిపోర్టు ఎవరెవరు చూస్తారో తెలుగులో రాసివ్వమని అడిగాను. ఎవరూ రాసివ్వలేదు. నేను సూదికి చెయ్యి చాపలేదు. నా పరీక్షలు నా డాక్టరు దగ్గరే చేయించుకుంటున్నాను.

చదివేవారికి నేను చెప్పగలిగిన సలహా ఒక్కటే. పరీక్షలు చేయించుకోండి, ఆ పరీక్ష వల్లనే నా లివర్ దక్కింది. కానీ పనిచేసే చోట రక్తం ఇచ్చే ముందు, ఆ ఫలితం మీకు కాక ఇంకెవరి కంట పడుతుందో అడిగి తెలుసుకోండి. సరైన జవాబు రాకపోతే బయట చేయించుకోండి.

మా మందిరంలో ఆనంద్ ఇప్పటికీ ప్రార్థన మనవులకు లేస్తాడు. "ఒక సహోదరుని కోసం" అని మాత్రమే అంటాడు. ఎవరని ఎవరూ అడగరు. సంఘమంతా మోకరిస్తుంది.

మీరు కూడా ఈ పేజీ మూసే ముందు ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నాతో కలిసి ప్రార్థించండి. తల్లి చేతి అన్నం తిని చెప్పాల్సిన మాట చెప్పలేకపోయిన ఒక కొడుకు కోసం, ప్రేమతోనే తప్పు చేసిన ఒక స్నేహితుని కోసం. పేర్లు చెప్పనక్కరలేదు. ఆయనకు తెలుసు.