వినపడనివాడు కట్టిన ఆంప్లిఫయర్

పద్దెనిమిదేళ్లు రేకులు నొక్కే ప్రెస్సు దగ్గర నిలబడి వినికిడి పోగొట్టుకున్న ఒక కార్మికుడికి, కర్మాగారపు వైద్య కమిటీ "వినికిడి లోపం లేదు" అని రాసిచ్చింది. అతను ఇంట్లో పాటలు వినడానికి స్వయంగా ఆంప్లిఫయర్ కట్టుకోవడమే అందుకు చూపిన ఏకైక ఆధారం. ఉత్తర్వులో చెవి పరీక్ష ప్రస్తావన లేదు, పరీక్షే జరగలేదు. అతణ్ణి తిరిగి అదే ప్రెస్సు దగ్గరకు పంపారు.

ఆంప్లిఫయర్ పని వంటింటి బల్ల మీద మొదలైంది. టంకం వేయడం నేర్పినవాడు రేడియోలు బాగుచేసే బావమరిది.

"ముందు తీగని వేడెక్కనివ్వు బావా. తొందరపడితే అతుకు పైకి మెరుస్తుంది, లోపల పట్టుండదు. మా అక్కకి నువ్విచ్చే మాటల్లాగా."

"మెల్లగా అను, వింటుంది."

"వింటూనే ఉన్నా," అంది భార్య గిన్నెలు పక్కకు జరుపుతూ. "ఇవాళ ఈ బల్ల మీద అన్నం పెట్టాలా, తీగలు వడ్డించాలా?"

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు బావమరిది మధ్యలో ఒక మామూలు బల్బు కలిపాడు. లోపల ఎక్కడైనా తప్పు జరిగి ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది. పెట్టె కాలిపోకుండా ఆ భారం తను మోస్తుంది. బల్బు ఒకసారి మెరిసి మసకబారింది. అతుకులన్నీ సరిగానే ఉన్నాయి.

అయినా అతనికి తృప్తి కలగలేదు. మద్దెల మోత బాగుంది కానీ, పాటలో "స" అన్న అక్షరమే లేదు. తాళాలు మోగుతున్న జాడ లేదు. తన చేతిపనిలోనే లోపముందని నమ్మి, మూడు ఆదివారాలు అతుకులు విప్పి మళ్లీ వేశాడు, బాగున్న కెపాసిటర్లు పీకి కొత్తవి పెట్టాడు. నాలుగో ఆదివారం మధ్యాహ్నం, సన్నని ధ్వనులను పెంచే మీటను చివరిదాకా తిప్పి, "ఇప్పుడు కాస్త నయం," అన్నాడు.

భార్య చెవులు మూసుకుని పరుగెత్తుకొచ్చింది. బావమరిది మీటరు పెట్టి ప్రతి అతుకూ చూశాడు. ఎక్కడా తప్పు లేదు. అసలు సంగతి భార్యే చెప్పింది.

"పెట్టెకేం కాలేదండీ. ఆరు నెలలుగా పొద్దున అలారం నేనే ఆపుతున్నా. మీది బద్ధకమనుకుని తిట్టాను కూడా."

మిగిలిన వినికిడైనా నిలుస్తుందని, ప్రెస్సు హాలు నుంచి గోదాముకు మార్చమని అతను అర్జీ పెట్టుకున్నాడు. సూపర్‌వైజర్ దాన్ని చదివి నవ్వాడు.

"ఏం ఇంజినీరు గారూ, పాటల పెట్టె కట్టినవాడికి చెవుడేమిటి?"

"చెవితో కట్టలేదు సార్. కంటితో, మీటరుతో కట్టాను. చెవితో చేసింది ధ్వని సరిచూడటం ఒక్కటే. అదే తప్పింది."

కమిటీ ఉత్తర్వులోకి ఎక్కింది సూపర్‌వైజర్ ప్రశ్న, కాస్త మర్యాదైన భాషలో. జవాబు ఎక్కలేదు. చెవుల రక్షణకు ఇన్నేళ్లూ అందింది దూది. "రక్షణ పరికరాలు అందినవి" అన్న కాగితం మీద అతని సంతకం మాత్రం భద్రంగా ఉంది.

కమిటీ సభ్యులారా, ఆ ఉత్తర్వును రద్దు చేయండి. కర్మాగారపు జీతం తీసుకోని వైద్యుడితో అతని రెండు చెవులనూ పరీక్ష చేయించండి. ప్రెస్సులన్నీ నడుస్తుండగా ఆ హాల్లోని శబ్దాన్ని కొలిచి, ఆ అంకెను గేటు దగ్గర అతికించండి. ఫలితం వచ్చేదాకా అతణ్ణి ఆ యంత్రం ముందు నిలబెట్టకండి. మీ విచారణ వాయిదా పడవచ్చు. ప్రతి షిఫ్టులోనూ అతను కోల్పోయేది వాయిదా పడదు.