పోలేరయ్య తీసేసిన ఫ్యూజు

నాకు నోరు పెద్దదని ఆత్మకూరు బస్టాండు వీధిలో అందరూ అంటారు. నిజమే, కాదనను. కుట్టుమిషను ముందు కూర్చుని పదేళ్లుగా ఆ వీధిలో ఎవరి సంగతి వాళ్లకు చెబుతూనే ఉన్నాను. కానీ నా పక్క కొట్లో ఫ్యాన్లు, మోటర్లు వైండింగ్ చేసే పోలేరయ్యను మాత్రం ఎన్నడూ ఒక్క మాట అనలేదు. అనడానికి వాడు సందు ఇస్తేగా!

ఉదయగిరి ఇవతల ఒక చెరువుగట్టు కింద యానాదుల గుడిసెల్లో పుట్టాడు పోలేరయ్య. వాళ్ల నాయనది చేపల వేట. వల చినిగితే అల్లేది మాత్రం వీడే. ఎనిమిదేళ్లప్పుడే వాడి వేళ్లు చూపుతో పని లేకుండా వల కన్నూ కన్నూ కలిపేవట. తల్లి పోయాక, ఆమెతో కలిసి చేపల గంప మోసిన ఆదిశేషమ్మ వీణ్ణి తన కూతురు భారతితోపాటు కూర్చోబెట్టి అన్నం పెట్టింది. పదిహేనేళ్లకు ఆత్మకూరు వచ్చి మోటరు కొట్లో చేరాడు. వల అల్లిన వేళ్లకు రాగితీగ చుట్టడం కొత్తేమీ కాలేదు. ఎన్ని చుట్లు వేశాడో లెక్కపెట్టకుండానే చెబుతాడు. వాడు చుట్టిన మోటరు మళ్లీ కొట్టుకు తిరిగి రాదని కలువాయి నుంచీ కొండాపురం నుంచీ కూడా వెతుక్కుంటూ వస్తారు.

వాడికి గర్వం ఉందంటే అదొక్కటే. చేసిన వస్తువు తిరిగి రాకూడదు.

రెండు వేసవుల కిందట వాడికి ఒక చిక్కు వచ్చింది. ఈ మధ్య ఫ్యాన్ల వైండింగులో తీగల మధ్య గుడ్డపట్టీ చుట్టి, బియ్యపుగింజ కంటే కాస్త పెద్దదైన ఒక ఫ్యూజు పెడుతున్నారు. మోటరు మరీ వేడెక్కితే అది తెగి కరెంటు ఆపేస్తుంది. ఒకసారి తెగితే ఇక అతకదు, కొత్తది వేయాల్సిందే. పోలేరయ్య నెల్లూరు నుంచి ఆ ఫ్యూజుల ప్యాకెట్టు ఒకటి తెప్పించాడు. ఒకటి తీసి, వేడి కడ్డీతో సీసం కరిగించి తీగకు సోల్డరింగు చేశాడు, కరెంటు దారి ఉంటే బీప్ మనే మీటరు పెట్టి చూశాడు, పలకలేదు. రెండోది చేశాడు, అదీ చచ్చిందే. మూడు, నాలుగు, అన్నీ అంతే.

"దొంగ సరుకక్కా! చచ్చిపోయిన ఫ్యూజులు ప్యాకెట్టులో పెట్టి అమ్ముతుండారు," అన్నాడు. నేను కూడా ఆ నెల్లూరు కొట్టువాణ్ణి నాలుగు తిట్లు తిట్టాను. నా నోరు ఊరుకుంటుందా!

ఆ ప్యాకెట్టు సొరుగులో పడింది. ఆనాటి నుంచి ఫ్యూజు పోయిన ఫ్యాను ఏది వచ్చినా ఆ ఫ్యూజును కత్తిరించి పారేసి, రెండు తీగలూ కలిపి, పైన గొట్టం తొడిగేవాడు. దాన్నే మా వాళ్లు డైరెక్ట్ చేయడం అంటారు. వీధి వీధంతా అదే చేస్తుంది. ఫ్యాను తిరుగుతుంది, మనిషి సంతోషంగా వెళ్లిపోతాడు. తప్పని ఎవరికి తోస్తుంది?

మొన్న ఏప్రిల్లో ఒక శుక్రవారం పొద్దున భారతి పోలేరయ్యకు ఫోన్ చేసింది. ఆమె ఉదయగిరిలో చెక్క స్పూన్లు చేసే షెడ్డులో పని చేస్తుంది. ఆదిశేషమ్మ కిందటేడు మెట్టు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మంచం దిగలేదు. ఇంట్లోకి కోతులు దూరి మనిషి మీద పడుతున్నాయని, పనికి పోయేటప్పుడు భారతి బయట తాళం వేసి పోతుంది. తల్లికి ఉక్క పోయకుండా టేబుల్ ఫ్యాను పెట్టి పోతుంది. అది పోలేరయ్య బాగు చేసి ఇచ్చిందే.

"ఫ్యాను మూలగతా ఉండాది పోలేరయ్యా. చేత్తో తిప్పితేగానీ మొదలుకాటంల్యా," అందట ఆమె.

"బుష్ పట్టుకోనుంటాది. తిరగతా ఉంటే తిరగనీ, ఆదివారం తీసకరా, చూస్తా," అన్నాడు వీడు. నేను విన్నాను. బుష్ అంటే ఫ్యాను ఇరుసు తిరిగే చిన్న గొట్టం, నూనె ఆరితే పట్టేస్తుంది; మామూలు మాటే అనుకున్నాను.

ఆ రోజే పదకొండు గంటలప్పుడు మా అమ్మాయి అశ్విత వచ్చింది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదువుతోంది. ఏదో ప్రాజెక్టుకు కావాలని పోలేరయ్య సొరుగు గెలికి ఆ ప్యాకెట్టు పట్టుకుంది.

"అవి చచ్చినియ్యమ్మా, పారెయ్," అన్నాడు వాడు.

అశ్విత ఒక ఫ్యూజుకు మీటరు పెట్టింది. బీప్ మంది. ఇంకొకటి పెట్టింది. బీప్.

"బాగానే ఉండాయి గదా మామా!"

వాడు నమ్మలేదు. ఆ ఫ్యూజు లాక్కుని, దాని చివరన కాలులా ఉండే తీగకు ఇంకో తీగ పెట్టి సోల్డరింగు చేసి, మళ్లీ మీటరు పెట్టాడు. పలకలేదు. "చూసినావా!" అన్నాడు.

అశ్విత ఇంకో ఫ్యూజు తీసి, దాని కాలు మధ్యలో పటకారుతో గట్టిగా పట్టుకోమని నాకిచ్చి, తడిగుడ్డ చుట్టి, చివర మాత్రం సోల్డరింగు కడ్డీ ఇలా అంటించి అలా తీసేసింది. మీటరు పెట్టింది. బీప్ మంది.

"మామా, దీని లోపల మైనం లాంటి మందు బిళ్ల ఉంటాది. నూటముప్పై డిగ్రీలు దాటితే అది కరిగిపోతాది, స్ప్రింగు జారతాది, కరెంటు ఆగతాది. నీ సోల్డరింగు కడ్డీ మూడొందల పైన ఉంటాది. ఆ వేడి కాలెంబడి పోయి, నువ్వు బిగించేలోపలే బిళ్ల కరిగిపోతా ఉండాది. పటకారు, తడిగుడ్డ పెడితే ఆ వేడి లోపలికి పోదు. ఫ్యూజులది తప్పు కాదు మామా."

నాకు నవ్వొచ్చింది. ఇంత పనివాడు ఇంత చిన్నదాని దగ్గర చిక్కాడే అని ఏదో అనబోయి వాడి మొహం చూశాను. మనిషి మొహంలో నెత్తురు లేదు.

"అక్కా, ఆదిశేషమ్మ అవ్వ ఫ్యానుకు నేను డైరెక్టు చేసినా," అన్నాడు.

నాకు అర్థం కావడానికి ఒక్క నిమిషం పట్టింది. బుష్ పట్టేసిన ఫ్యాను తిరగలేక నిలబడిపోతే, మోటరు కాలిపోయేదాకా వేడెక్కుతుంది. ఆపాల్సిన ఫ్యూజు అందులో లేదు. మంచం దిగలేని మనిషి, బయట తాళం.

భారతికి ఫోన్ చేశాం. మోగుతోంది, ఎత్తడం లేదు. షెడ్డులో మిషన్లు రొద పెడుతుంటే ఫోను ఎవరికి వినబడుతుంది? చుట్టుపక్కల ఇళ్లవాళ్ల నంబర్లు మా దగ్గర లేవు. పోలేరయ్యకు బండి రాదు. అశ్వితను కొట్లో కూర్చోబెట్టి, మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తూ ఉండమని చెప్పి, నా స్కూటీ తీశాను.

ఆ గంటన్నర దారి నేను చచ్చేదాకా మరిచిపోను. ఎండ మొహం మీద కొడుతోంది. వెనక పోలేరయ్య దారిలో ఊరు వచ్చినప్పుడల్లా కొట్లలోకి తొంగి చూస్తున్నాడు. ఎందుకో మొదట నాకు తెలియలేదు. టీ కొట్లో ఫ్యాను తిరుగుతుంటే, "కరెంటు ఉండాదక్కా," అన్నాడు. రోజూ కరెంటు పోతే తిట్టే దాన్ని, ఆ పూట కరెంటు పోవాలని దేవుళ్లందరికీ మొక్కాను. ఒక్క దేవుడూ వినలేదు.

ఉదయగిరి కొండ కనబడే దూరం వచ్చాక రోడ్డు పక్క నిమ్మతోటల్లో బోర్లు పోస్తున్నాయి. ఆ నీళ్లు చూసి పోలేరయ్య నా భుజం పట్టుకున్నాడు.

"పగటి కరెంటుకు బోర్లన్నీ ఆన్ చేసినారక్కా. ఊళ్లో ఓల్టేజీ పడిపోయుంటాది. ఆ ఫ్యాను ఇప్పుడు తిరగదు. మూలగతా అట్నే నిలబడిపోయుంటాది."

భయమంటే ఏమిటో అప్పుడు తెలిసింది నాకు. బండి ఎంత పోగలిగితే అంత వేగంగా తోలాను.

ఉదయగిరి ఇవతల ఆదిశేషమ్మది సర్కారు కట్టించిన పాతకాలపు కాలనీ ఇల్లు, ఒకటే గది. తలుపుకు తాళం. కిటికీ రెక్క సందులోంచి సన్నగా, తెల్లగా పొగ వస్తోంది. మోటరు కాలేటప్పుడు వచ్చే వార్నీషు కంపు గొంతులో పట్టుకుంది. పోలేరయ్య "అవ్వా! అవ్వా!" అని అరిచాడు. లోపలి నుంచి ఏ జవాబూ లేదు.

వాడు రాయి తీసుకుని తాళం మీద కొట్టాడు. మూడు దెబ్బలకు గొళ్లెం ఊడింది. గది నిండా పొగ. మంచానికి మూరెడు దూరంలో స్టూలు మీద ఫ్యాను, రెక్కలు కదలడం లేదు, మోటరు మాత్రం మూలుగుతోంది. వెనకవైపు ప్లాస్టిక్కు కరిగి సాగి, చుక్కలు చుక్కలుగా దుప్పటి అంచు మీద పడుతోంది. పడినచోట దుప్పటి నల్లగా పొగలుతోంది. పోలేరయ్య ప్లగ్గు పీకేశాడు. నేను దుప్పటి లాగి బయటికి విసిరాను. ఇద్దరం కలిసి ఆదిశేషమ్మను మంచంతోసహా గడప దాటించాం.

ఆమె కళ్లు తెరిచే ఉంది. దగ్గుతోంది. నీళ్లు తాగించాను. మూతి తుడిచాను. బతికే ఉంది కదా అని నాకు ఏడుపు తన్నుకొచ్చింది, ఆపుకోకుండా ఏడ్చాను. ఏడుపు తగ్గాక కోపం వచ్చింది.

"అంత పొగ వస్తుంటే అరవొచ్చు గదమ్మా! అవతల తోటలో మనుషులుండారు, ఎవురో ఒకరు వినేవాళ్లు!" అన్నాను.

ఆదిశేషమ్మ నావైపు కాకుండా పోలేరయ్య వైపు చూసింది.

"వాసన శానాసేపటి నుంచి వస్తానే ఉండాది. బయట ఎవురో చెత్త కాలస్తుండారనుకున్నా. ఫ్యాను అనుకోలా. మా పోలేరయ్య చేసిన ఫ్యాను కాలేది యాడ అనుకున్నా. పొగ కండ్లబడేసరికి గొంతు పట్టేసింది."

వాడు మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. చెప్పకుండా ఉండొచ్చు. బుష్ పట్టేసింది, ఓల్టేజీ లేదు, భారతి నూనె వెయ్యలేదు అని ఏదో ఒకటి చెబితే ఆమె నమ్మేది. నేనూ ఊరుకునేదాన్నే.

"నేనే అవ్వా," అన్నాడు. "వేడెక్కితే ఆపే ఫ్యూజు ఒకటుంటాది దాంట్లో. నాకు బిగించడం చేతగాక తీసేసినా. ఫ్యూజుది తప్పనుకున్నా."

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఇట్ట ఎంతమందికి తీసేసినావురా?"

"శానామందికే అవ్వా."

"వాళ్లు గూడా నీ మీద నమ్మకంతోనే పండుకోనుంటారు గదరా."

పోలేరయ్య జేబులోంచి ఫోను తీశాడు. అలాగే ఫ్యాను చేయించుకుపోయిన కలువాయి ఆయనకు చేసి ఫ్యాను ఆపమన్నాడు. దుత్తలూరులో రాజమోహన్‌కు చేశాడు. ఇంకో ఆరుగురికి చేశాడు. ప్రతిసారీ "తప్పు నాదే" అని చెప్పి, వాళ్లు ప్లగ్గు పీకినామన్నాకే పెట్టేశాడు. తర్వాత పేర్లు పైకీ కిందికీ జరుపుతూ ఆగిపోయాడు.

"అక్కా, కొండాపురం నుంచి ఒకామె ఫ్యాను తెచ్చింది గదా, చంకలో చంటిబిడ్డతో. ఉయ్యాల కాడ పెట్టుకోవాల, తొందరగా చెయ్యన్నా అనింది. ఆమెకు గూడా డైరెక్టే చేసినా, పేరు తెలిస్తేగానీ నంబరు దొరకదు. ఆమె పేరేందక్కా?"

ఆ రోజు ఆ బిడ్డను నేనే ఎత్తుకున్నాను. బిడ్డ పేరు అడిగాను. తల్లి పేరు అడగలేదు.